బ్రష్ తిరగడం మానేసిన రోజున: నాలుగు రకాల వాక్యూమ్ హెడ్‌ల సమీక్ష

వాక్యూమ్ క్లీనర్ కొత్తగా ఉన్నన్నాళ్లూ ఏ హెడ్ అయినా, అంటే నేల మీద నడిచే బ్రష్ భాగం, బాగానే ఊడుస్తుంది. వాటి మధ్య తేడా బయటపడేది బ్రష్ తిరగడం మానేసిన రోజునే. ఒక రకం హెడ్‌కి అడుగున నాణెం పట్టే గాడి ఉంటుంది. పావు చుట్టు తిప్పితే మూత ఊడి, బ్రష్ కుచ్చులుండే రోలర్ చేతికొస్తుంది. ఇంకో రకానికి స్క్రూలు చక్రాల వెనకా, అంటించిన మెత్తటి గుడ్డ పట్టీల కిందా దాగి ఉంటాయి. అవి కనిపించక మూతని బలవంతంగా లాగితే లోపలి ప్లాస్టిక్ కొక్కేలు పుటుక్కున విరుగుతాయి. అందుకే ఈ సమీక్షలో పీల్చే బలం లెక్కల జోలికి వెళ్లడం లేదు. బ్రష్ ఎందుకు ఆగుతుంది, ఆగినప్పుడు లోపం ఎంత తేలిగ్గా దొరుకుతుంది, ఇంట్లో ఉండే పనిముట్లతో బాగవుతుందా లేదా అన్నవే ఇక్కడి కొలతలు.

రకాలు నాలుగు. గాలి పీల్చే పెద్ద మోటారే బెల్టు వేసుకుని బ్రష్‌ని కూడా తిప్పే నిలువు యంత్రాలు, అంటే అప్‌రైట్‌లు, మొదటివి. హెడ్‌లోనే విడిగా చిన్న మోటారు, పళ్ల బెల్టు ఉండేవి రెండోవి. రోలర్ లోపలే మోటారు ఇమిడిపోయినవి మూడోవి. కరెంటుతో పనిలేకుండా, లోపలికి దూసుకొచ్చే గాలితోనే తిరిగే టర్బో బ్రష్‌లు నాలుగోవి. రోబో యంత్రాలు రెండో రకానికి చెల్లెలి వరస. వాటి మాట చివర్లో.

బ్రష్ ఆగగానే అందరికీ వచ్చే మొదటి అనుమానం మోటారు కాలిపోయిందని. అనుమానించాల్సిన వరసలో మోటారుది చివరి చోటు. వెంట్రుకలు, బెల్టు, కరెంటు అందించే పిన్నులు, వేడెక్కి తెగిన రక్షణ స్విచ్చి, ఇవన్నీ తప్పుకున్నాకే దాని వంతు.

ముందు వేలితో తిప్పి చూడండి

ప్లగ్గు పీకేయండి. బ్యాటరీ యంత్రమైతే బ్యాటరీ తీసేయండి, అది ఊడిరాని రకమైతే హెడ్‌ని యంత్రం నుంచి విడదీయండి. స్విచ్చి ఆపితే చాలదు. పొరపాటున స్విచ్చి తగిలిందంటే, చిక్కు వదలగానే రోలర్ ఒక్కసారిగా తిరిగి వేళ్లను లోపలికి లాక్కుంటుంది. ఆ తర్వాత హెడ్‌ని వెల్లకిలా తిప్పి, రోలర్‌ని చూపుడువేలితో, అది మామూలుగా తిరిగే దిశలోనే నెట్టండి.

ఏ పట్టూ లేకుండా, వేలు తీశాక కూడా గిర్రున తిరుగుతూనే ఉంటే రోలర్‌కీ మోటారుకీ సంబంధం తెగిపోయింది. బెల్టు తెగి ఉంటుంది, జారి ఉంటుంది, లేదా దాని పళ్లు అరిగిపోయి ఉంటాయి.

కొంచెం బరువుగా, అయినా ఒకే తీరుగా తిరిగితే బెల్టు పట్టే ఉంది, దానితోపాటు మోటారు కూడా తిరుగుతోంది. హెడ్‌లో చిన్న డీసీ మోటారు ఉన్న రకాల్లో వేలికి సన్నగా మెట్లు మెట్లుగా తగులుతుంది. పాత రేడియోలో స్టేషన్ మార్చే మీటని మెల్లగా తిప్పినట్టు ఒక చిన్న పట్టు, వెంటనే వదులు, మళ్లీ పట్టు. మోటారులోని అయస్కాంతాలు లోపలి ఇనుప భాగాన్ని పట్టి వదలడం వల్ల వచ్చే స్పర్శ అది. అది తగిలిందంటే తిరిగే భాగాలన్నీ సవ్యంగానే ఉన్నాయి, వెతకాల్సింది కరెంటు దారిలో.

మూడోది, అసలు కదలకపోవడం, లేదా ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వదలడం. అక్కడ వెంట్రుకలు, పాడైన బేరింగ్, ఇరుక్కున్న సాక్సు, చార్జరు వైరు లాంటివి ఉంటాయి.

ఈ అరనిమిషం పని చేయకుండా కొత్త బెల్టు తెప్పించుకోవడం చీకట్లో చేయి పెట్టి వెతుక్కోవడమే.

దీంతోపాటు లోపమేమీ లేకుండానే బ్రష్ ఆగే సందర్భాలూ ఉన్నాయి. చాలా అప్‌రైట్‌లలో పిడి నిటారుగా నిలబెట్టి ఉన్నంతసేపూ బ్రష్ కావాలనే ఆగిపోతుంది. పిడిని వెనక్కి వాల్చి, లాక్ వదిలిందో లేదో చూడాలి. గట్టి నేలకీ తివాచీకీ మార్చే మీట ఉన్న యంత్రాల్లో మీట నేల వైపు ఉంటే బ్రష్ తిరగదు. కొన్ని హెడ్‌లకి అడుగున చిన్న చక్రమో పలకో ఉండి, హెడ్ నేల మీద నుంచి లేవగానే కరెంటు ఆపేస్తుంది. అలాంటిదాన్ని గాల్లోకి ఎత్తి పట్టుకుని చూస్తే ఎప్పుడూ పాడైనట్టే కనిపిస్తుంది. బ్యాటరీ అడుగంటినప్పుడు కూడా బ్రష్ నీరసించి, కొద్దిపాటి బరువుకే ఆగుతుంది. పూర్తిగా చార్జ్ చేసి, నేల మీద పెట్టి చూశాకే మిగతా పని.

అన్ని రకాలకూ ఉమ్మడి జబ్బు

రోలర్ నడుమ చుట్టుకున్న వెంట్రుకలు కంటికి కనిపిస్తాయి, కానీ బ్రష్‌ని ఆపేవి అవి కావు. రోలర్ రెండు చివరలా ఉన్న టోపీల కిందకి దూరిన వెంట్రుకలే అసలు సమస్య. పొడవైన వెంట్రుక తిరుగుతూ తిరుగుతూ అంచుకి జరుగుతుంది, అంచు నుంచి టోపీకీ ఇరుసుకీ మధ్య సందులోకి పోతుంది. అక్కడ ధూళితో కలిసి, చుట్టు మీద చుట్టు బిగిసి, నల్లటి వాషర్‌లా గట్టిపడుతుంది. అది ఇరుసుతో రాసుకుని పుట్టే వేడికి ప్లాస్టిక్ టోపీ మెత్తబడుతుంది. ఆ దశలో కమురు వాసన వస్తుంది, రోలర్ ఒకవైపు కొద్దిగా వాలుతుంది, ఆ తర్వాత బెల్టు తెగుతుంది. బెల్టు మార్చి టోపీని వదిలేస్తే కొత్త బెల్టూ త్వరలోనే పోతుంది. ఒకే యంత్రానికి మాటిమాటికీ బెల్టులు తెగుతున్నాయంటే ముందు చూడాల్సింది ఈ టోపీలనే.

శుభ్రం చేయడానికి చిన్న కత్తెర, కుట్లు విప్పే కొక్కెం కత్తి, ఒక పట్టకారు చాలు. రోలర్ పొడుగునా కుచ్చు వరసల మధ్య ఒక గాడి కనిపిస్తుంది. కత్తి మొనని ఆ గాడిలో పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకి గీరుకుంటూ పోతే చుట్లన్నీ ఒకేసారి తెగుతాయి. కుచ్చుకి అడ్డంగా కోస్తే కుచ్చూ తెగుతుంది. బెల్టు కూర్చునే నున్నటి పట్టీ దగ్గర కత్తి వాడకండి, అక్కడ గీత పడితే ఆ గీతే బెల్టుని తినేస్తుంది. తెగిన వెంట్రుకల్ని పట్టకారుతో అడ్డంగా కాకుండా చుట్టు తిరిగిన దిశకి ఎదురుగా లాగితే సాఫీగా ఊడొస్తాయి.

టోపీలు కొన్ని చేత్తో లాగితే వస్తాయి, కొన్నిటికి చివర స్క్రూ ఉంటుంది. తీశాక ఒక్కో టోపీని రెండు వేళ్ల మధ్య తిప్పి చూడండి. గరగరమంటే బేరింగ్‌లోకి ధూళి పోయింది. రంధ్రం గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలోకి సాగి, చుట్టూ గోధుమరంగు తిరిగితే ప్లాస్టిక్ కరిగింది, ఇక ఆ టోపీ పనికిరాదు. మూసి ఉన్న బాల్ బేరింగ్ అయితే నూనె పోసి బాగుచేయలేం, మార్చాల్సిందే. దాని పక్కన చెక్కిన నంబరు చూసుకోండి. ఉదాహరణకి 608 అని ఉంటే లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు, బయటిది 22, మందం 7, ఏ బేరింగ్ దుకాణంలోనైనా ఆ నంబరు చెబితే చాలు. బేరింగ్ లేని వట్టి గొట్టం రకం టోపీకి ఆవగింజంత సిలికాన్ గ్రీజు సరిపోతుంది. వంటనూనె, కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రేలు ఏవీ వద్దు. అవి కారి బెల్టు మీదకి చేరితే బెల్టు జారుతుంది, చేరకపోయినా ధూళిని పట్టి జిగురుముద్ద చేస్తాయి.

తీసే ముందే మార్కర్‌తో రోలర్ ఎడమ చివర ఒక చుక్క పెట్టండి. చాలా రోలర్ల కుచ్చు బాణం మొన ఆకారంలో మధ్యకి వంగి ఉంటుంది, చెత్తని రెండు వైపుల నుంచి పీల్చే రంధ్రం ముందుకి తోయడానికి. రోలర్‌ని అటూ ఇటూ మార్చి పెడితే బ్రష్ తిరుగుతుంది కానీ చెత్త అంచులకి పోతుంది. ఇదే సమయంలో హెడ్ అడుగు పలక మీద ఒక గట్టి అట్టముక్క అడ్డంగా పెట్టి చూడండి. కుచ్చు ఆ అట్టని తాకకపోతే రోలర్ అరిగిపోయింది. తిరిగినా నేలని అందుకోదు.

ఒకే మోటారు, ఒక రబ్బరు బెల్టు

మొదటి రకం అప్‌రైట్‌లది పాత పద్ధతి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో ఒక దుకాణంలో ఊడ్చే పని చేసిన జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ 1908లో పేటెంట్ పొందిన యంత్రంలోనూ గాలి పీల్చే పంకానీ, తిరిగే బ్రష్‌నీ ఒకే మోటారు నడిపింది. ఆ హక్కులు హూవర్ కుటుంబం చేతికి వెళ్లి పెద్ద కంపెనీ అయింది. అమరిక అంత సులువు కాబట్టే ఇంతకాలం నిలిచింది, దాని బలహీనతా ఇంతకాలమూ అదే, రబ్బరు బెల్టు.

ఇందులో మోటారు ఇరుసు పెన్సిలంత లావున బయటికి పొడుచుకుని ఉంటుంది. బల్లపరుపు బెల్టో, గుండ్రటి బెల్టో నేరుగా ఆ ఉక్కు మీదే నడుస్తుంది. బ్రష్‌కి ఏదైనా అడ్డుపడి ఆగిందనుకోండి, ఇరుసు మాత్రం ఆగదు. కదలని బెల్టు మీద అదేచోట రాసుకుంటూ క్షణాల్లో రబ్బరుని కరిగిస్తుంది. టైరు కాలిన వాసన అందుకే. ఆ వాసన వస్తే ఆ క్షణమే ఆపాలి, ఇంకో గది ఊడ్చాక చూద్దాంలే అనుకోకూడదు.

బెల్టు తెగకపోయినా పాడవుతుంది. గాల్లో బ్రష్ చక్కగా తిరిగి, తివాచీ మీద పెట్టగానే ఆగిపోతే అది సాగిన బెల్టు లక్షణం. పాతదాన్ని కొత్తదాని పక్కన పెడితే తేడా కంటికే తెలుస్తుంది. పాతది పొడవుగా, అంచులు పగిలి, లోపలి వైపు అద్దంలా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు జారిన గుర్తు. తరచుగా వాడే ఇంట్లో ఇలాంటి బెల్టుని ఆరు నెలల నుంచి ఏడాది లోపు మార్చడం మంచిది.

మార్చేటప్పుడు చాలామంది వదిలేసే పని ఒకటుంది, ఇరుసుకి అంటుకున్న పాత రబ్బరుని గీకడం. కరిగిన రబ్బరు ఇరుసు చుట్టూ నల్లటి ఉంగరంలా గట్టిపడుతుంది. దాని మీదే కొత్త బెల్టు వేస్తే అది ఎగిరెగిరి పడుతూ, హెడ్ అంతా దడదడలాడి, వారంలోనే అంచుకి జారుతుంది. ఐస్‌క్రీమ్ పుల్లతో గీకి, స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి. ఉక్కు బ్లేడు వద్దు, ఇరుసు మీద గీతలు పడతాయి.

బెల్టుని ముందు మోటారు ఇరుసుకి తగిలించి, తర్వాత రోలర్‌ని దాని లోపలికి దూర్చి, బెల్టు రోలర్ మీది నున్నటి పట్టీ మీద కూర్చునేలా చూసి, అప్పుడు రోలర్‌ని ముందుకి లాగి టోపీలు వాటి గాడుల్లో దించాలి. కొత్త బెల్టు బిగువుగానే ఉంటుంది, బొటనవేళ్లతో గట్టిగా లాగాల్సి రావడం తప్పు కాదు. తేలిగ్గా వచ్చేసిందంటే అది వేరే మోడల్ బెల్టు అయి ఉంటుంది. ఇరుసు నిలువుగా ఉండే పాత యంత్రాల్లో బెల్టు పావు మెలి పడాలి, ఏ వైపో చెప్పే బాణం బొమ్మ హెడ్ మీదే ఉంటుంది. మెలి తిరగబడితే బ్రష్ ఎదురు దిశలో తిరిగి, చెత్తని లోపలికి తోసే బదులు ముందుకి విసురుతుంది. మూత వేసే ముందు రోలర్‌ని చేత్తో పది చుట్లు తిప్పి, బెల్టు పట్టీ మధ్యలోనే నడుస్తోందో, గోడకి రాసుకుంటోందో చూసుకోండి.

ఇంట్లో బాగుచేసుకోవాలనుకునేవారికి నాలుగింటిలోనూ మంచి హెడ్ ఇదే. తరచూ చేయి పెట్టాల్సి వస్తుంది, నిజమే. కానీ పెట్టిన చేయి వృథా పోదు. లోపం ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది.

హెడ్‌లో విడి మోటారు

కర్ర ఆకారంలో ఉండే బ్యాటరీ యంత్రాల్లోనూ, వెనక లాక్కెళ్లే డబ్బా యంత్రాల ఖరీదైన మోడళ్లలోనూ కనిపించేది ఈ రకం. ఇక్కడ బెల్టుకి పళ్లుంటాయి, జారదు, సాగదు. తెగడమో, పళ్లు ఊడడమో జరిగితే మోటారు చప్పుడు సన్నగా, ఎప్పటికంటే హెచ్చు స్థాయిలో వినిపిస్తుంది కానీ రోలర్ కదలదు. అప్పుడు హెడ్ విప్పక తప్పదు.

చప్పుడే లేకపోతే దోషం కరెంటు దారిలో. హెడ్‌కి ముందు దీపం ఉంటే అది గొప్ప సాక్షి. దీపం వెలుగుతూ బ్రష్ తిరగకపోతే కరెంటు హెడ్ దాకా వస్తోంది, లోపం హెడ్ లోపలే. దీపం కూడా ఆరిపోతే దారి మధ్యలో తెగింది. దీపం లేని యంత్రానికి ఒక్కో భాగాన్ని తప్పించి చూడడమే దారి. పొడవాటి గొట్టం తీసేసి హెడ్‌ని నేరుగా యంత్రానికి తగిలించండి. తిరిగితే గొట్టంలో వైరు తెగింది. తిరగకపోతే సోఫాల కోసం ఇచ్చే చిన్న మోటారు బ్రష్ తగిలించండి. అది తిరిగితే యంత్రం నిర్దోషి, పెద్ద హెడ్‌దే తప్పు. ఏ పనిముట్టూ లేకుండా రెండు నిమిషాల్లో తేలిపోయే ఈ పరీక్ష కోసమైనా ఈ రకానికి మంచి మార్కులు వేయాలి.

ఒక్కో అతుకు దగ్గర రెండేసి లోహపు పిన్నులుంటాయి. వాటిలో సన్నటి ధూళి, ఒక్కోసారి పచ్చటి చిలుము పడుతుంది. దూదిపుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, ఆరాకే బిగించండి. చిలుము పోకపోతే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి, గరుకు కాగితం పైపూత గీకేస్తుంది. వంగిన పిన్నుని చిన్న పట్టకారుతో ఒక్కసారే నిటారు చేయాలి, అటూ ఇటూ వంచితే విరుగుతుంది. బిగించేటప్పుడు టక్‌మని లాక్ పడిన చప్పుడు వినాలి. సగం దూరినా గాలి పీలుస్తుంది కాబట్టి అంతా సరిగా ఉన్నట్టే అనిపిస్తుంది, పిన్నులు మాత్రం తాకవు.

వైరుతో నడిచే డబ్బా యంత్రాల విషయంలో ఒక హెచ్చరిక. వాటిలో కొన్నిటికి మెత్తటి గొట్టం గుండా హెడ్ దాకా వెళ్లేది ఇంటి కరెంటే. దేశాన్ని బట్టి 120 వోల్టులో, 230 వోల్టులో. ప్లగ్గు పెట్టి ఉండగా ఆ పిన్నుల్లోకి మల్టీమీటర్ పుల్లలు పెట్టకూడదు. ప్లగ్గు పీకేసి, మీటరుని ఓమ్స్ (కరెంటుకి అడ్డు ఎంతో కొలిచే గుర్తు) మీద పెట్టి, గొట్టం ఈ చివరా ఆ చివరా ఒకే వైరు పిన్నుల్ని తాకించి కొలవండి. ఒకటి రెండు ఓమ్స్‌కి మించకూడదు. కొలుస్తూనే గొట్టాన్ని పిడి దగ్గర వంచండి, ఎక్కువగా వంగేదీ వైర్లు తెగేదీ అక్కడే. అంకె ఎగిరి పడితే గొట్టం మార్చాలి. వాడేటప్పుడు బ్రష్ ఆగుతూ తిరుగుతూ ఉండడం ఈ లోపానికి ముందస్తు గుర్తు.

బ్యాటరీ యంత్రాల్లో ఉండేది తక్కువ వోల్టేజీ. ఆరు లిథియం సెల్స్ వరసగా ఉంటే 21.6 వోల్టులు, ఏడుంటే 25.2 అని బ్యాటరీ మీదే రాసి ఉంటుంది, నిండా చార్జ్ అయినప్పుడు కాస్త ఎక్కువ చూపుతుంది. అయితే కొన్ని యంత్రాలు హెడ్ తగిలిందని గుర్తించాకే కరెంటు పంపుతాయి, కాబట్టి విడి పిన్నుల దగ్గర సున్నా కనిపించినంత మాత్రాన యంత్రాన్ని తప్పుపట్టకండి.

ఇక రక్షణ స్విచ్చి. ఆగిపోయిన మోటారు తిరిగే మోటారు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, వెంటనే ఆపకపోతే మోటారు లోపలి తీగ చుట్లు కాలిపోతాయి. అందుకే కొన్ని హెడ్‌లకి పైకి పొడుచుకొచ్చే చిన్న రీసెట్ బటన్ ఉంటుంది, కొన్నిటికి వేడెక్కితే తెగి చల్లారితే కలిసే భాగం ఉంటుంది, బ్యాటరీ వాటిలో ఎలక్ట్రానిక్ బోర్డే ఆ పని చేస్తుంది. ప్లగ్గు పీకి అరగంట ఆగి, రోలర్ శుభ్రం చేసి, అప్పుడు బటన్ నొక్కాలి. చేయకుండా నొక్కితే మళ్లీ ఎగురుతుంది. శుభ్రంగా ఉన్న రోలర్‌తో కూడా మళ్లీ మళ్లీ ఎగిరితే హెడ్ ఎత్తు చూసుకోండి. ఒత్తుగా ఉన్న తివాచీలోకి బ్రష్ మరీ లోతుగా దిగితే ఇలాగే అవుతుంది. ఎత్తు మీట ఒక మెట్టు పెంచడమో, పిడి దగ్గరి గాలి కిటికీ కొద్దిగా తెరవడమో చాలు.

ఇవన్నీ అయ్యాక మోటారు వంతు. రెండు వైర్ల మామూలు డీసీ మోటారుని బోర్డు నుంచి విడదీసి ఓమ్స్ కొలిస్తే కొద్ది ఓమ్స్ చూపాలి. ఇరుసుని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ కొలవండి. అంకె కదులుతుంది, ఫరవాలేదు. ఒకచోట మాత్రం పూర్తిగా తెగినట్టు చూపితే తిరిగే భాగానికి కరెంటు అందించే లోపలి కార్బన్ ముక్క అరిగింది. బ్రష్ ఆగినప్పుడు హెడ్ మీద చేత్తో తడితే మళ్లీ తిరగడం కూడా ఈ జబ్బే. మూడు వైర్ల మోటారుకి ఈ పరీక్ష పనికిరాదు.

రోలర్ లోపలే మోటారు

డైసన్ కర్ర యంత్రాల వల్ల బాగా తెలిసిన అమరిక ఇది. బెల్టు లేదు, పక్కన మోటారుకి చోటు అక్కర్లేదు కాబట్టి బ్రష్ దాదాపు హెడ్ అంచుల దాకా వస్తుంది. గోడ మూలలు ఊడ్చడంలో దీనికి సాటి లేదు. ఒకవైపు మూతని నాణెంతో తిప్పితే రోలర్ తొడుగు జారి బయటికొస్తుంది, లోపల మోటారు గొట్టం అలాగే ఉంటుంది.

బ్రష్ ఆగడానికి ఇక్కడ ప్రత్యేకమైన కారణాలు రెండు. శుభ్రం చేశాక తొడుగు పూర్తిగా లోపలికి కూర్చోకపోవడం మొదటిది. మోటారు కొసన ఉన్న పళ్లు తొడుగులోని గాడుల్లో పడకపోతే లోపల మోటారు తిరుగుతుంది, పైన తొడుగు నిలబడిపోతుంది. మెల్లగా తిప్పుతూ నెడితే ఒకచోట లోపలికి దిగినట్టు తెలుస్తుంది. అక్కడిదాకా వెళ్లాల్సిందే. రెండోది నీళ్లు. మెత్తటి రోలర్ తొడుగుని కడగవచ్చు, కానీ నిలబెట్టి కనీసం 24 గంటలు ఆరబెట్టాలి. పైకి పొడిగా తగిలినా లోపలి వైపు తడి ఉంటుంది, ఆ తడి నేరుగా మోటారుకి చేరుతుంది. మోటారు ఉన్న హెడ్‌ని మాత్రం ఎప్పుడూ కుళాయి కింద పెట్టకండి.

లోపం ఏమిటంటే మోటారు పోతే చిన్న భాగం మార్చుకునే వీలు తక్కువ, చాలాసార్లు హెడ్ మొత్తం మార్చాల్సి వస్తుంది. ఊడ్చడానికి మొదటి చోటు, బాగుచేసుకోవడానికి చివరి చోటు.

గాలితో తిరిగే టర్బో బ్రష్

ఇందులో కరెంటు లేదు కాబట్టి కాలిపోయేదీ లేదు. లోపలికి వచ్చే గాలి ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, చక్రం చిన్న బెల్టుతో బ్రష్‌ని తిప్పుతుంది. అందువల్ల బ్రష్ ఆగితే మొదట చూడాల్సింది బ్రష్‌ని కాదు, మిగతా యంత్రాన్ని. హెడ్ తీసేసి గొట్టం చివర అరచేయి పెట్టండి. గట్టిగా పట్టుకోకపోతే సంచీ నిండింది, ఫిల్టర్ మూసుకుపోయింది, గొట్టంలో ఏదో అడ్డుంది, లేదా పిడి దగ్గరి గాలి కిటికీ తెరిచి ఉంది. పట్టు బాగుంటే హెడ్ విప్పి గాలి చక్రం గది చూడండి. రెక్కల మధ్య నూగు ముద్దకట్టి ఉంటుంది, లేదా చిన్న రాయి తగిలి ఒక రెక్క విరిగి ఉంటుంది. రెక్క విరిగితే చక్రం వణుకుతూ ఈల వేసినట్టు చప్పుడు చేస్తుంది. హెడ్ మీద కొన్నిటికి పక్కగాలి మీట ఉంటుంది, అది తెరిచి ఉంటే గాలి చక్రాన్ని తప్పించుకుని పోతుంది.

హెడ్‌ని తివాచీకి అదిమి నొక్కినా బ్రష్ ఆగుతుంది, గాలి రావడానికి సందు ఉండదు కాబట్టి. అది లోపం కాదు, ఈ రకం హద్దు. సోఫా, కారు సీటు, మెట్ల మీది పిల్లి వెంట్రుకలకి బాగుంటుంది. ఒత్తయిన తివాచీలున్న ఇంటికి ఇదొక్కటే సరిపోదు.

రోబోలది చిన్న లెక్క. బ్రష్ తీసి, అది దూరే చతురస్రపు పుల్ల చుట్టూ ఉన్న వెంట్రుకల్ని పట్టకారుతో లాగండి, రెండో చివర బేరింగ్ టోపీ ఊడదీసి తుడవండి. రూంబా లాంటి వాటిలో కుచ్చు బదులు రబ్బరు రోలర్లున్నా చివరల్లో చిక్కు పడడం మాత్రం అంతే. బ్రష్ తీసేసి యంత్రం నడిపినప్పుడు ఆ పుల్ల తిరుగుతుంటే మోటారు బాగున్నట్టే. తిరగకపోతే గేర్ల పెట్టె మార్చాలి, అది చాలా మోడళ్లలో ఒకే ముక్కగా వస్తుంది.

మూత బిగించేటప్పుడు

హెడ్ స్క్రూలు ప్లాస్టిక్‌లోకి తామే దారి కోసుకునే రకం. వాటిని నేరుగా బిగిస్తే పాత దారి పక్కన కొత్త దారి కోసి, రెండు మూడు సార్లకే పట్టు పోగొడతాయి. స్క్రూని రంధ్రంలో నిలబెట్టి ముందు ఎదురు దిశలో మెల్లగా తిప్పండి. ఒకచోట టిక్‌మని కొద్దిగా కిందికి పడుతుంది, పాత దారి మొదలైన చోటు అదే. అక్కడి నుంచి బిగించండి, ఆగగానే వదిలేయండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. విప్పేటప్పుడే కాగితం మీద హెడ్ బొమ్మ గీసి ఏ స్క్రూ ఆ చోట గుచ్చి ఉంచితే పొడవు స్క్రూ పొట్టి చోటుకి పోయి పైమూతని చీల్చదు. మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్‌తోపాటు టీ8, టీ10, టీ15 నక్షత్రపు మొనలు దగ్గర పెట్టుకుంటే చాలా హెడ్‌లు విప్పవచ్చు.

కొనేముందు దుకాణంలో హెడ్‌ని వెల్లకిలా తిప్పి నాలుగు సంగతులు చూడండి. రోలర్ పనిముట్టు లేకుండా ఊడుతుందా. టోపీలు రోలర్ నుంచి విడివడతాయా, లేక అతికించి ఉన్నాయా. బెల్టు, రోలర్, టోపీలు విడిగా అమ్ముతారా. అడ్డుపడితే మళ్లీ మొదలుపెట్టే రీసెట్ బటన్ గానీ, స్పష్టమైన దీపం గుర్తు గానీ ఉందా. టోపీలు విడివడని హెడ్‌ని, ఇంట్లో పొడవాటి జుట్టున్నవారు గానీ కుక్క గానీ ఉంటే, తీసుకోవద్దనే మా మాట.

కొన్నాక బెల్టు ఉన్న హెడ్ అయితే ఒకసారి తెరిచి, బెల్టు బయటి వైపు అచ్చు వేసిన నంబరుని ఫోటో తీసి దాచుకోండి. తెగిన బెల్టు మీద ఆ అక్షరాలు సరిగ్గా ఆ చోటే చిరిగిపోయి ఉంటాయి.